ఆపరేషన్ బాగానే అయింది, మనిషే మారిపోయారు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువమంది ఒకే బాధ రాశారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ జరిగింది, కుట్లు బాగానే ఉన్నాయి, కానీ మాట తీరు మారిపోయింది, మనుషుల్ని పోల్చుకోవట్లేదు. వృద్ధుల వైద్యం, మత్తు వైద్యం, వార్డు నర్సింగ్ తెలిసినవాళ్లు కలిసి రాసిన జవాబులివి.

ప్ర: మా అత్తగారికి 74 ఏళ్లు. వచ్చే నెల విశాఖలో మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్. మా వీధిలో ఒకావిడకి తుంటి విరిగి ఆపరేషన్ చేస్తే, మర్నాటి రాత్రి నుంచి కొడుకునే పోల్చుకోలేదు, ఏటేటో మాట్లాడారు. అప్పట్నుంచి మాకు భయంగా ఉంది. అలా రాకుండా ముందే ఏమైనా చేసుకోవచ్చా?
— ఒక కోడలు, బొబ్బిలి

జ: చేసుకోవచ్చు. చేయాల్సినదాంట్లో సగానికి పైగా మీ చేతుల్లోనే ఉంది.

మీ వీధిలో ఆవిడకి వచ్చినదాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. పాతకాలం పెద్దలు సంధి అనేవారు. ఇది గంటల్లో మొదలవుతుంది. పొద్దున్న బాగుండి, సందెవేళకి ముదిరి, మళ్లీ తెల్లారేసరికి కొంచెం తేటపడుతుంది. మొట్టమొదట దెబ్బతినేది ధ్యాస. అడిగిన మాట మీద మనసు నిలవదు. ఆపరేషన్ తర్వాత మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి, నిద్రలేమి, నీళ్లు తాగకపోవడం, మత్తు మందులు, కొత్త చోటు, చెవిన పడని మాటలు, ఒంట్లో ఆపరేషన్ రేపిన వాపు, ఇవన్నీ ఒకేసారి మీద పడితే వయసు మళ్లిన మెదడు తట్టుకోలేదు. ఒక్కొక్కటే అయితే తట్టుకునేది. కాబట్టి ఎన్నిటిని తగ్గించగలిగితే అంత మేలు.

ముప్పు ఎవరికి ఎక్కువ? 65 దాటినవాళ్లకి, అందులోనూ ముందునుంచే మతిమరుపు ఉన్నవాళ్లకి. చూపు, వినికిడి తగ్గినవాళ్లకి, తుంటి విరిగినవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, రోజూ ఎక్కువ రకాల మాత్రలు వేసుకునేవాళ్లకి, మద్యం అలవాటున్నవాళ్లకి, ఇంతకుముందు ఒకసారి ఇలా అయినవాళ్లకి. వీటిలో రెండు మూడు మీ అత్తగారికి ఉంటే ఆ మాట సర్జన్‌తోనూ, మత్తు డాక్టరుతోనూ ముందే చెప్పండి.

1999లో అమెరికాలోని యేల్ న్యూ హేవెన్ ఆసుపత్రిలో 70 ఏళ్లు, ఆపైన ఉన్న 852 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు ఆపరేషన్ వాళ్లు కారు, మామూలు జబ్బులతో చేరినవాళ్లు. కొత్త మందేమీ ఇవ్వలేదు. కళ్లజోడు, వినికిడి యంత్రం అందించడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడడం, రోజూ తేదీ, చోటు గుర్తుచేస్తూ మాట్లాడడం, ఇంతే చేశారు. మామూలు వార్డులో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఇలా చూసుకున్నచోట 9.9 శాతానికి తగ్గింది. తర్వాత ఇదే పద్ధతిని ఆపరేషన్ వార్డుల్లోకీ తెచ్చారు. అక్కడ శిక్షణ పొందిన వాలంటీర్లు చేసిన పనుల్ని మన దగ్గర పక్కనుండే అటెండెంటే చేయాలి.

ఇంకా నెల ఉంది కాబట్టి ముందు మందుల సంగతి తేల్చుకోండి. ఆవిడ వేసుకునే ప్రతి మాత్రా, అట్టతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరుకి చూపండి. కీళ్ల నొప్పులకని ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చుకునే పొట్లం గోలీలు కూడా దాచకుండా పెట్టండి. వాటిలో స్టిరాయిడ్ ఉండొచ్చు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఆపరేషన్ రోజున బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. మతి తడబాటు తెచ్చే మందులు కొన్ని ఉన్నాయి: నిద్రకి వేసుకునే ఆల్‌ప్రజోలం, క్లోనజిపామ్, డయాజిపామ్, జలుబుకీ దురదకీ వాడే ఎవిల్, ఫెనర్గాన్ లాంటివి, నరాల నొప్పికీ నిద్రకీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, కడుపు మెలిపెట్టినప్పుడు వేసే డైసైక్లోమిన్, వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే ఆక్సీబ్యుటినిన్. ఏళ్ల తరబడి నిద్రమాత్ర వేసుకుంటూ ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఠక్కున ఆపినా ఇదే తంటా వస్తుంది. డాక్టరే మెల్లగా తగ్గిస్తారు, లేదా కొనసాగిస్తారు. ఇక ఆపరేషన్ ముందు రాత్రి, ‘నిద్ర పడుతుంది’ అని కొత్తగా ఆల్‌ప్రజోలం ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. 74 ఏళ్లావిడకి అది నిజంగా అవసరమా అని అడగండి. అడగడం తప్పు కాదు.

చెవుల్లో గులిమి ఉంటే ఇప్పుడే తీయించండి. కళ్లజోడు పవర్ సరిచూపించండి. రక్తం తక్కువగా ఉందేమో, షుగర్ అదుపులో ఉందో లేదో చూసి, ఉన్న లోపాన్ని ఈ నెలలో సరిచేయించండి. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టి ఫలితం రాసుకోండి. వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమనండి: శనివారం, శుక్రవారం, గురువారం అలా. అది రాకపోతే ఇరవై నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టమనండి. ఇప్పుడు ఎలా చెప్పారో తెలిస్తేనే, ఆపరేషన్ తర్వాత మార్పు వచ్చిందో లేదో మీకు తెలుస్తుంది.

పస్తు విషయంలో చాలా పొరపాటు జరుగుతుంది. ‘రాత్రి భోజనం తర్వాత ఏమీ పెట్టకండి’ అంటారు, ఆపరేషన్ మాత్రం మర్నాడు మధ్యాహ్నం రెండింటికి పడుతుంది. అప్పటికి పదహారు గంటలు గుక్కెడు నీళ్లు కూడా ఉండవు. సాధారణ నియమం ప్రకారం తేలికపాటి తిండి ఆరు గంటల ముందు ఆపాలి, ఉత్త నీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. గంజి, పాలు, పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రావు. షుగర్ వల్ల కడుపు మందగించినవాళ్లకి, ఇంకొందరికి నియమం వేరుగా ఉంటుంది. అందుకే మత్తు డాక్టరుని సూటిగా అడగండి: “నీళ్లు ఎన్నింటిదాకా ఇవ్వొచ్చు?”

ఆసుపత్రికి తీసుకెళ్లే సంచిలో కళ్లజోడు, వినికిడి యంత్రం, దానికి అదనపు బ్యాటరీలు, కట్టుడు పళ్లు పెట్టే డబ్బా, పెద్ద అంకెల గడియారం, ఇంట్లో వేలాడే తెలుగు క్యాలెండర్, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు, ఆవిడ రోజూ కప్పుకునే దుప్పటి ఉండాలి. థియేటర్‌లోకి వెళ్లేటప్పుడు కళ్లజోడు, పళ్లు, యంత్రం తీసేసి మీ చేతికిస్తారు. బయటికి రాగానే, కాస్త తెలివి రాగానే తిరిగి పెట్టండి. ఇంటికెళ్లాక పెడదాంలే అని బీరువాలో దాచేస్తే, ఆవిడకి ఆ వారమంతా ఎదురుగా మసక, చెవిలో గొణుగుడు తప్ప ఇంకేమీ ఉండదు.

ఆపరేషన్ తర్వాత నీళ్లు లెక్కగా తాగించాలి. ఆవిడ తాగే స్టీలు గ్లాసులో ఎంత పడుతుందో ముందే కొలవండి. 200 మిల్లీలీటర్లు పట్టేదైతే, తాగొచ్చని డాక్టరు చెప్పాక, పొద్దున్న ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా రెండు గంటలకో గ్లాసు చొప్పున ఎనిమిది గ్లాసులు, అంటే లీటరున్నర పైమాట. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్లకి డాక్టరు చెప్పిన కొలతే. ఒక కాగితం మీద గీతలు గీయండి, లేకపోతే తాగించామనుకుంటారు గానీ సాయంత్రానికి రెండు గ్లాసులే అయి ఉంటాయి. ఎప్పుడూ కూర్చోబెట్టే తాగించాలి. మగతగా ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిండికి చోడి (రాగి) అంబలి, మజ్జిగన్నం, పప్పు, గుడ్డు, ఆవిడ ఇష్టపడి తినేది ఏదైనా సరే, పళ్లు పెట్టి, మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టి పెట్టండి.

మోకాలి ఆపరేషన్‌కి చాలాచోట్ల అదే రోజో మర్నాడో నడిపిస్తారు. ముందు మంచం అంచున కాళ్లు నేలకి ఆనించి రెండు మూడు నిమిషాలు కూర్చోవాలి. కళ్లు తిరగకపోతేనే లేవాలి. రోజుకి మూడుసార్లైనా లేవాలి. ‘పాపం, పడుకోనీ’ అనే జాలి పెద్దవాళ్లకి మేలు చేయదు. నడవాలంటే నొప్పి అదుపులో ఉండాలి. వేళకి పారాసిటమాల్, కాలికి నరం దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్, వీటితో గట్టి మందుల అవసరం చాలా తగ్గుతుంది. నొప్పి అడిగితేనే చెప్పే తరం వాళ్లు. కాబట్టి ప్రతి మూడు నాలుగు గంటలకీ మీరే అడగండి, కదిలినప్పుడు మొహం చూడండి.

మూత్రపు గొట్టం పెట్టి ఉంటే ప్రతిరోజూ పొద్దున్న రౌండ్స్‌లో ఒకటే ప్రశ్న: “ఇది ఇంకా అవసరమా?” ఒకటి రెండు రోజుల్లో తీసేయగలిగితే మంచిది. గొట్టం ఉన్నంతసేపూ మనిషి మంచానికి కట్టేసినట్టే. తీశాక ఆరు గంటల్లో మూత్రం రాకపోయినా, పొత్తికడుపు గట్టిపడినా చెప్పండి. మూడు రోజులు విరేచనం కాకపోయినా చెప్పాలి. ఈ రెండూ నోరు తెరిచి చెప్పుకోలేని పెద్దవాళ్లలో మతి తడబాటుగా బయటపడతాయి.

నిద్ర గురించి: మధ్యాహ్నం మూడు తర్వాత టీ, కాఫీ వద్దు. పగలు కిటికీ తెర తీసి వెలుతురు రానివ్వండి, కునుకు అరగంటకి మించనివ్వకండి. రాత్రి పదికల్లా లైటు తీయించండి, సెల్‌ఫోన్ మాటలు బయట మాట్లాడుకోండి. రాత్రి రెండింటికి బీపీ, నాలుగింటికి ఇంజెక్షన్ ఉంటే, రెండూ ఒకేసారి చేయడానికి వీలుందా అని సిస్టర్‌ని మర్యాదగా అడగండి.

చివరగా, పక్కన ఎవరుంటారు? ఆవిడకి బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురే మార్చి మార్చి ఉండండి. రాత్రి డ్యూటీకి నిద్రమొహం కుర్రాడిని పెట్టకండి, తడబాటు ముదిరేది సందె నుంచి తెల్లవారుజాము దాకానే. చూడ్డానికి ఊరు ఊరంతా రావడం మన ప్రాంతపు ఆపేక్ష, కాదనలేం. కానీ మంచం చుట్టూ ఒకేసారి ఇద్దరికి మించి ఉండకుండా చూడండి. ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడిగా చెప్పండి: “అత్తయ్యా, పొద్దున్న తొమ్మిదయింది. బుధవారం. విశాఖ ఆసుపత్రిలో ఉన్నాం. మోకాలి ఆపరేషన్ బాగా అయింది.” అలా చెప్పాలి గానీ, “నేనెవరో చెప్పు చూద్దాం” అని పరీక్షలు పెట్టకండి. ఆ తర్వాత ఇంటి సంగతులు, పంట సంగతులు, పైడితల్లి సిరిమాను ఏ తేదీన పడిందో, ఆవిడ మాట కలిపేవి మాట్లాడండి.

ప్ర: మా నాన్నగారికి పోయిన నెలలో హెర్నియా ఆపరేషన్ అయింది. గొడవ ఏమీ చేయలేదు. రెండు రోజులు కళ్లు మూసుకుని పడుకునే ఉన్నారు, పిలిస్తే ‘ఊ’ అనేవారు, అన్నం నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేవారు. నీరసం అనుకున్నాం. తర్వాత న్యుమోనియా అన్నారు. ఇదీ అదేనా?
— ఒక కుమారుడు, ఆమదాలవలస

జ: మీరు రాసిన లక్షణాలు మందకొడి డెలీరియానికి సరిపోతాయి. అరిచి గొంతు చించుకునే రకం కన్నా పెద్దవాళ్లలో ఈ రకమే ఎక్కువ. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అందుకే ఇది మరింత ప్రమాదం. తినరు, తాగరు, కదలరు, దగ్గి కఫం తీయరు. న్యుమోనియా, మంచం పుళ్లు వెనకే వస్తాయి. కొన్నిసార్లు ఇది తిరగబడి ఉంటుంది, అంటే న్యుమోనియానే ముందు మొదలై, పెద్దవయసు వల్ల జ్వరం, దగ్గు తెలియకుండా, మతి తడబాటే దాని మొదటి గుర్తుగా బయటపడుతుంది. రెండిట్లో ఏదైనా చేయాల్సిన పని మొదటి పూటే డాక్టరుకి చెప్పడం.

నీరసానికీ దీనికీ తేడా ధ్యాసలో తెలుస్తుంది. నీరసపడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టి అడిగితే మెల్లగా అయినా సరైన జవాబే చెబుతారు. డెలీరియంలో ఉన్నవాళ్లు సగంలో జారిపోతారు. వారాల పేర్లు వెనక్కి చెప్పించే పరీక్ష పై జవాబులో ఉంది. చదువు లేనివాళ్లకి, మాట రానివాళ్లకి ఐసీయూల్లో చేసే పద్ధతి మన భాషలో ఇలా చేయొచ్చు: ఆయన చెయ్యి మీ చేతిలోకి తీసుకుని, “నేను ‘అ’ అన్నప్పుడల్లా నా చెయ్యి నొక్కు” అనండి. తర్వాత మూడు సెకన్లకి ఒకటి చొప్పున పది అక్షరాలు మామూలు గొంతుతో పలకండి: మ, అ, క, ర, అ, అ, ల, త, అ, న. ‘అ’కి నొక్కకపోయినా, వేరే అక్షరానికి నొక్కినా తప్పు కింద లెక్క. రెండుకు మించి తప్పులొస్తే ధ్యాస నిలవడం లేదని అర్థం. ఇది రోగనిర్ధారణ కాదు, డాక్టరుని పిలవడానికి మీకు దొరికే ఆధారం.

పిలిచాక “కొంచెం డల్‌గా ఉన్నారండీ” అంటే ఎవరూ పరుగెత్తరు. ఇలా చెప్పండి: “నిన్న సాయంత్రం దాకా పేర్లు పెట్టి పిలిచారు. రాత్రి పది నుంచి మార్పు వచ్చింది. ఆయనకిది అలవాటు లేదు. డెలీరియం ఏమో చూడండి.” ఎప్పటినుంచి, ఏం మారింది, మామూలుగా ఎలా ఉంటారు, ఈ మూడూ ఇంటివాళ్లకి తప్ప ఎవరికీ తెలియవు.

వెంటనే కేకేయాల్సినవి వేరే ఉన్నాయి. ఊపిరి నిమిషానికి పది కన్నా తగ్గితే (నొప్పి ఇంజెక్షన్ ఎక్కువై ఉండొచ్చు), ఎంత లేపినా లేవకపోతే, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి కాలు పడిపోయినా, షుగర్ 70కి లోపు ఉన్నా, ఆక్సిజన్ పడిపోతున్నా పొద్దుటి రౌండ్స్ దాకా ఆగకండి.

ప్ర: మా అమ్మ ఆపరేషన్ అయిన రెండో రాత్రి సెలైన్ సూది పీకేసింది, ‘గోడ మీద ఎవరో ఉన్నారు’ అని లేచి పోబోయింది. చేతులు మంచానికి కట్టేశారు. దాంతో ఇంకా ఎక్కువైంది. మా వాళ్లు గాలి సోకిందన్నారు. నిద్ర ఇంజెక్షన్ ఇవ్వమని మేమే బతిమాలాం. మళ్లీ ఇలా అయితే ఏం చేయాలి?
— చీపురుపల్లి నుంచి ఒక కుమార్తె

జ: గోడ మీద మనుషులు కనిపించడం ఈ జబ్బులో సాధారణమే. తాయెత్తు కట్టుకుంటామంటే కట్టుకోండి, కానీ దానికోసం ఒక్క గంట కూడా ఆగకుండా డాక్టరుని పిలవండి. పిలిచాక ఇంజెక్షన్ కన్నా ముందు ఈ ప్రశ్నలు అడగండి: మూత్రం ఆగిపోయి కడుపు ఉబ్బిందా? నొప్పి మందు వేళ దాటిందా? ఆక్సిజన్, షుగర్, బీపీ, జ్వరం ఎంత? రక్తంలో సోడియం అనే లవణం ఎంతుందో చూశారా? ఇవాళ కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు? చాలాసార్లు జవాబు వీటిలోనే దొరుకుతుంది. పొత్తికడుపు నిండి మంచం దిగాలని పెనుగులాడే మనిషికి నిద్ర మందిస్తే, కారణం అలాగే ఉండిపోయి మనిషి మాత్రం మూగబోతారు.

నిద్ర ఇంజెక్షన్లు, అంటే మిడజోలం, లోరజిపామ్ జాతివి, మామూలు డెలీరియాన్ని పొడిగిస్తాయి. మద్యం మానేయడం వల్ల వచ్చినదానికి అవే సరైన మందు, ఆ సంగతి కింద రాశాం. తనకో పక్కవాళ్లకో ప్రమాదం జరిగేంత పెనుగులాట ఉండి, మాటలకి లొంగనప్పుడు డాక్టరు హాలోపెరిడాల్ లాంటిది చాలా కొద్ది మోతాదులో, కొద్ది రోజులకే వాడొచ్చు. పార్కిన్సన్స్ జబ్బున్నవాళ్లకి అదీ పనికిరాదు. కాబట్టి ఆ జబ్బుంటే ముందే చెప్పాలి.

చేతులు కట్టడం వల్ల భయం, పెనుగులాట పెరుగుతాయి. బదులుగా ఒక మనిషి పక్కన కూర్చోవాలి. సెలైన్ సూది ఉన్న చోట బ్యాండేజ్ రోల్ చుట్టి, పైన పొడుగు చేతుల చొక్కా వేస్తే కంటికి కనిపించదు, పీకాలన్న ధ్యాసా తగ్గుతుంది. చేతికి ఒక తువ్వాలో, జపమాలో ఇవ్వండి. నోటితో తాగగలుగుతుంటే సెలైన్ ఇంకా కావాలా అని అడగండి. మంచం ఎత్తు తగ్గించి, దారిలో స్టూళ్లు తీసేసి, చిన్న లైటు ఉంచండి. చీకట్లో నీడలే మనుషుల్లా కనిపిస్తాయి. ఆమెతో వాదించకండి. “ఎవరూ లేరు, పిచ్చిదానిలా మాట్లాడకు” అనొద్దు. “నీకు భయమేస్తోంది కదమ్మా, నేనున్నాను, నేను నీ కూతుర్ని, ఇది ఆసుపత్రి” అనండి, చెయ్యి పట్టుకోండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అదే నెమ్మదితో చెప్పండి.

ప్ర: ఉద్దానం వాళ్లం. మా మావయ్యకి క్రియాటినిన్ ఎక్కువ, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. ప్రొస్టేట్ ఆపరేషన్ చేయాలంటున్నారు. కిడ్నీ బాగోలేని మనిషికి ఏ జాగ్రత్తలు?
— కవిటి

జ: చివరి క్రియాటినిన్ రిపోర్టు సంచిలో అడుగున కాకుండా చేతిలో ఉంచుకోండి. సర్జన్‌కి, మత్తు డాక్టరుకి, వార్డులో మందు రాసే ప్రతి డాక్టరుకీ చూపించండి. కిడ్నీ బయటికి పంపాల్సిన మందు ఒంట్లోనే పోగుపడితే మగత, ఉలిక్కిపడినట్టు కండరాల కుదుపులు, మతి తడబాటు వస్తాయి. మార్ఫిన్, ట్రమడాల్, నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, కండరాలు పట్టేస్తే ఇచ్చే బాక్లోఫెన్, సెఫిపిమ్ అనే యాంటీబయాటిక్, వీటిలో కొన్ని మానాలి, కొన్నిటికి మోతాదు తగ్గించాలి. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ కిడ్నీనే ఇంకా దెబ్బతీస్తాయి, ఇంజెక్షన్ రూపంలో ఇచ్చినా అంతే. పారాసిటమాల్ మీద ఆధారపడడం మేలు. విరేచనం కాకపోతే మెగ్నీషియం ఉన్న మందు గానీ, ఫాస్ఫేట్ ఎనీమా గానీ వద్దు, లాక్టులోజ్ అడగండి. మీ దగ్గర చేతికందే కొబ్బరిబోండం కూడా డాక్టరు సరేనంటేనే ఇవ్వాలి. దానివల్ల రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు.

ప్రొస్టేట్ ఆపరేషన్‌కి సొంత చిక్కులు రెండున్నాయి. గ్రంథిని లోపలినుంచి గీకేటప్పుడు వాడే ద్రవం కొన్ని పద్ధతుల్లో రక్తంలోకి ఎక్కి సోడియం పడిపోతుంది. మొదటి రోజు వికారం, తికమక, అస్థిమితం కనిపిస్తే సోడియం వెంటనే చూడాలి. రెండోది, మూత్రాశయాన్ని కడగడానికి సెలైన్ ఎక్కిస్తూ గొట్టం రెండు మూడు రోజులు ఉంచుతారు. దాన్ని తొందరగా తీయమని అడగకూడదు. కానీ పైనుంచి సెలైన్ పోతూనే ఉండి, కింద సంచి నిండడం ఆగిందంటే రక్తపు గడ్డ అడ్డుపడిందన్నమాట. మావయ్య ‘మూత్రం వస్తోంది, లేవనీ’ అని గోల పెడితే, ‘గొట్టం ఉందిలే, పడుకో’ అనే ముందు వంగి ఆ సంచి చూడండి. ఎక్కడం ఎక్కుతూ దిగకపోతే సిస్టర్‌ని పిలిచి ముందు ఆ సెలైన్ ఆపించండి. గొట్టం కడిగి గడ్డ తీస్తే, మతి తప్పిందనుకున్న మనిషి పది నిమిషాల్లో కుదుటపడొచ్చు.

ప్ర: మా తాత రోజూ సాయంత్రం సారా తాగుతాడు. మా మామ్మకి అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. ఇద్దరికీ ఆపరేషన్లు ఉన్నాయి. డాక్టరుకి చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండు రోజుల ముందు మానిపిస్తే చాలదా?
— గజపతినగరం

జ: తాత విషయంలో రెండు రోజుల ముందు మానిపించడమే అన్నిటికన్నా ప్రమాదకరం. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో చేతుల వణుకు, చెమట, గుండె దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య తీవ్రమైన డెలీరియం రావొచ్చు, అది ప్రాణాంతకం కూడా. మీరు లెక్క వేసిన రెండు రోజులు సరిగ్గా ఆపరేషన్ బల్ల దగ్గరికి తెస్తాయి. ఏం తాగుతాడు, ఎంత, చివరిసారి ఎప్పుడు, ఇంతకుముందు మానినప్పుడు ఏమైంది, ఇవి డాక్టరుతో విడిగా చెప్పండి. వ్యవధి ఉంటే కొన్ని వారాల ముందునుంచే వైద్యుల పర్యవేక్షణలో మానిపిస్తారు. మందులతో వణుకు అదుపు చేస్తారు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది గ్లూకోజ్ సీసా కన్నా ముందు పడాలి. డాక్టరుకి తెలియకపోతే ఎవరూ ఇవ్వరు.

మామ్మ సంగతి: చుట్ట నాలుగు వారాలో, ఇంకా ముందో మానగలిగితే ఊపిరితిత్తులకి చాలా మేలు. మానలేకపోతే ఆ మాటే చెప్పండి. ఒక్కసారి ఆగిపోయిన నికోటిన్ వల్ల వచ్చే చిరాకు, అస్థిమితం వార్డులో డెలీరియంతో కలిసిపోతాయి. డాక్టరు నికోటిన్ పట్టీ ఆలోచిస్తారు. ఆక్సిజన్ ఉన్న వార్డులో ‘ఒక్కటే’ అని చాటుగా చుట్ట అందించడం మాత్రం నిప్పు పెట్టడమే. నిప్పు వైపు లోపల పెట్టుకుని తాగేవాళ్ల అంగిట్లో మచ్చలు, పుళ్లు ఉండొచ్చు. మత్తు డాక్టరుని నోరు తెరిపించి చూడమనండి.

ప్ర: మొత్తం మత్తు కన్నా వెన్నులో సూదే పెద్దవాళ్ల మతికి మంచిదంటారు. నిజమేనా?
— టెక్కలి

జ: తుంటి విరిగిన పెద్దవాళ్ల మీద 2021లో అమెరికా, కెనడా ఆసుపత్రుల నుంచి, 2022లో చైనా నుంచి వచ్చిన పెద్ద అధ్యయనాల్లో డెలీరియం విషయంలో రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుండె, ఊపిరితిత్తులు, వెన్ను, రక్తం పలచన చేసే మందులు చూసి మత్తు డాక్టరు ఏది మంచిదంటే అది ఒప్పుకోండి. మీరు అడగాల్సింది ఒకటుంది. వెన్నులో సూది ఇచ్చినా పైన నిద్ర మందు గట్టిగా ఇస్తే మొత్తం మత్తు ఇచ్చినట్టే కాబట్టి, దాన్ని వీలైనంత తక్కువలో ఉంచగలరా అని అడగండి. ఇక తుంటి విరిగినప్పుడు ఏ మత్తు అనే చర్చ కన్నా త్వరగా ఆపరేషన్ జరగడం ముఖ్యం. ఒకటి రెండు రోజుల్లో అయ్యేలా చూడండి. డబ్బు సర్దుబాటుకనో, మంచి రోజుకనో, కట్టు వైద్యానికనో వారం తిప్పితే ఆ నొప్పి, ఆ పడకే మతిని దెబ్బతీస్తాయి.

ప్ర: డిశ్చార్జ్ అయి పది రోజులైంది. అమ్మ చాలావరకు బాగుంది గానీ సాయంత్రాలు ఇంకా తడబడుతోంది. ఇక మతిమరుపు జబ్బేనా?
— నరసన్నపేట

జ: ఇప్పుడే ఆ పేరు పెట్టకండి. డెలీరియం కొందరికి రోజుల్లో, కొందరికి వారాల్లో తగ్గుతుంది, నెలలు పట్టేవాళ్లూ ఉన్నారు. ఇంట్లోనూ నీళ్ల లెక్క, కళ్లజోడు, పగటి వెలుతురు, నడక, రాత్రి నిద్ర అలాగే సాగాలి. ఆసుపత్రిలో మొదలైన నిద్రమాత్రలు, పెనుగులాటకిచ్చిన మందులు చీటీలో ఇంకా ఉంటే ఎప్పుడు ఆపాలో డాక్టరుని ఈ వారమే అడగండి. చాలా ఇళ్లలో అవి పొరపాటున నెలల తరబడి నడుస్తాయి. తగ్గుతున్నది మళ్లీ ఒక్కసారిగా ముదిరితే, జ్వరం, మూత్రంలో మంట, కుట్టు దగ్గర చీము, విరేచనం ఆగడం చూసుకుని అదే రోజు తీసుకెళ్లండి. మూడు నెలల తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. ముందునుంచే మెల్లగా మొదలైన మతిమరుపు ఉంటే అప్పుడు తేలుతుంది. డిశ్చార్జ్ కాగితంలో ‘ఆపరేషన్ తర్వాత డెలీరియం వచ్చింది’ అనే వాక్యం ఉందో లేదో చూసి, లేకపోతే రాయించుకోండి. రేపు కంటి శుక్లానికి వెళ్లినా, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ఆ కాగితమే ముందు చూపించాలి.